ఆ వక్రరేఖ మీద మా ఊరు ఎక్కడ ఉంది?

ప్రశ్న: డెల్టా అధ్యాపకుడు

సభ్యులందరికీ నమస్కారం. నేను పశ్చిమ డెల్టాలోని ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తాను. గత వారం అభివృద్ధి సిద్ధాంతాల పాఠం చెబుతుండగా ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు నేను ఇచ్చిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. అందుకే దానిని మీ ముందు పెడుతున్నాను.

ఆనాటి పాఠం పర్యావరణ కుజ్నెట్స్ వక్రరేఖ. ఆర్థిక ఎదుగుదల తొలి దశలో అసమానత పెరిగి తరువాత తగ్గుతుందని సైమన్ కుజ్నెట్స్ 1955లో చేసిన ఊహను 1990లలో కొందరు ఆర్థికవేత్తలు కాలుష్యానికి అన్వయించారు. సమాజం ఎదిగేకొద్దీ మొదట కాలుష్యం పెరుగుతుందని, తలసరి ఆదాయం ఒక స్థాయి దాటాక ప్రజలు మంచి గాలిని, మంచి నీటిని కోరుకుంటారని, చట్టాలూ మెరుగైన యంత్రాలూ వచ్చి కాలుష్యం తగ్గుముఖం పడుతుందని దాని సారాంశం. బోర్డు మీద గీస్తే బోర్లించిన గిన్నెలా ఉంటుంది. అంతకు ముందు తరగతిలోనే రోస్టో 1960లో ప్రతిపాదించిన ఐదు దశల గురించి చెప్పి ఉన్నాను కాబట్టి, సంప్రదాయ సమాజం నుంచి భారీ వినియోగ దశ దాకా అన్ని దేశాలూ ఒకే మెట్ల వరస ఎక్కుతాయన్న ఆలోచనకు ఇది కొనసాగింపుగా పిల్లలకు తేలిగ్గానే అర్థమైంది.

అప్పుడు ఆ అమ్మాయి లేచి, "మాస్టారూ, మా ఊళ్లో వరి పొలాలు రొయ్యల చెరువులయ్యాక డబ్బు వచ్చిన మాట నిజమే. డాబాలు లేచాయి, కార్లు వచ్చాయి. మంచినీళ్ల చెరువులో నీళ్లు మాత్రం తాగడానికి పనికిరావడం లేదు. రోజూ డబ్బు పెట్టి టిన్ను కొనుక్కుంటున్నాం. ఆ వక్రరేఖ మీద మా ఊరు ఎక్కడ ఉంది? ఇంకా ఎంత ఆదాయం పెరిగితే మా చెరువు బాగుపడుతుంది?" అని అడిగింది.

ఆదాయం పెరిగేకొద్దీ జనం ఒత్తిడి తెస్తారనీ, పంచాయతీ ఏదో ఒక ఏర్పాటు చేస్తుందనీ పాఠంలో ఉన్నదే మళ్లీ చెప్పాను. ఆమె కూర్చుంది గాని ఒప్పుకోలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఈ సిద్ధాంతం మన డెల్టాకు వర్తిస్తుందా? వర్తించకపోతే సమాజానికీ ప్రకృతికీ ఉన్న సంబంధాన్ని ఆ పిల్లకు ఎలా వివరించాలి? పుస్తకంలో ఉన్న విమర్శలు నేనూ చదువుకోగలను. మన నేల తెలిసినవాళ్ల ఆలోచన తెలుసుకోవాలని ఉంది.

జవాబు: శివారు రైతు, కోనసీమ

మాస్టారికి నమస్కారమండి. సిద్ధాంతాల పేర్లు నాకు అంతగా తెలియవు గాని, ఆ అమ్మాయి అడిగినదానికి నేలవైపు నుంచి ఒక మాట చెప్పగలను.

మన డెల్టా ఈనాడు ఉన్న తీరు మనిషి చేసిన అమరికండి. 1832-33లో వచ్చిన డొక్కల కరువు నాడు, గోదావరి నీళ్లు సముద్రం పాలవుతుండగానే ఈ ప్రాంతపు జనం తిండి లేక చనిపోయారు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేశాక ఆ బతుకే మారిపోయింది. ఈ రోజు సుమారు 10 లక్షల ఎకరాలు ఆ నీటి మీద ఆధారపడి ఉన్నాయి. ఊరూరా ఆయన విగ్రహాలు ఉన్నాయంటే ఆ కృతజ్ఞత ఊరికే రాలేదు. దానిని అభివృద్ధి కాదని నేను అననండి.

అయితే నీళ్లు తేవడం ఒక పని, తెచ్చిన నీళ్లను తిరిగి బయటికి పంపడం రెండో పని. మొదటి పనికి కాలువలు, లాకులు, కాలువలను చూసుకునే లస్కర్లు, వంతులు, నీటి తీరువా అన్నీ ఏర్పడ్డాయి. రెండో పనిని మాత్రం ఎప్పుడూ వెనక్కి నెట్టారు. మన నేల బల్లపరుపు, వాలు బహు తక్కువ. సముద్రం పోటు మీద ఉన్నంతసేపూ మురుగు కాలువలో నీరు కదలదు. మొగ దగ్గర ఇసుక మేట వేసిందంటే పాటు సమయంలో కూడా లాగదు. దానికి తోడు గుర్రపుడెక్క అల్లుకుంటుంది. 1960లలోనే మిత్ర కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల ముంపును పరిశీలించింది. 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం కూడా వచ్చింది, అంటే మురుగు పోవడానికి రైతే డబ్బు కట్టాలని అప్పుడే నిర్ణయించారు. ఇన్నేళ్ల తరువాత కూడా ఆగస్టులో రెండు రోజులు గట్టి వాన పడితే మా ఊడ్పులు నీటి కిందే ఉంటాయి.

2011 సార్వాలో, అంటే తొలకరి పంట కాలంలో, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు, నీళ్లున్న చోట సాగు మానడమేమిటని బయటివాళ్లు విస్తుపోయారు. గిట్టుబాటు ధర లేకపోవడం, కూలి ఖర్చులు అందరూ రాశారు. ముంపు గురించి రాసినవాళ్లు తక్కువ. ఆ ఏడు నేనూ నాట్లు వేయలేదు. ఎప్పుడూ వడ్లు కొలిచి పెట్టే ఇంట్లోకి బియ్యం బస్తా కొనుక్కొచ్చిన రోజును మా అమ్మ ఇప్పటికీ తలుచుకుని బాధపడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రొయ్యల చెరువులో పట్టుబడి అయ్యాక ఆ నీటిని డ్రెయిన్‌లోకే వదులుతారు. శివారులో కాలువ నీరు అందనప్పుడు మేము అదే డ్రెయిన్‌కు ఇంజను పెట్టి తోడుకుంటాం. ఎగువవాళ్లు వదిలిన మురుగే మాకు సాగునీరు. పై ఊరికి ఆదాయం పెరిగిన ఏడే కింది ఊరి చేలో ఉప్పు పేరుకుంటుంది. మాస్టారూ, మీ వక్రరేఖ మీద ఉన్నది ఒక్కటే ఊరండి. మా డ్రెయిన్ పొడుగునా పన్నెండు ఊళ్లున్నాయి.

జవాబు: పరిశోధక మిత్రుడు, రాజమహేంద్రవరం

రైతు గారు చివర చెప్పిన మాట ఈ సిద్ధాంతం మీద వచ్చిన అతి ముఖ్యమైన విమర్శ. లాభం పొందేదీ నష్టపోయేదీ ఒకే సమాజమని ఆ బొమ్మ ముందే అనుకుంటుంది.

అధ్యాపకుల కోసం కొంత నేపథ్యం చెబుతాను. 1991లో గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఆర్థికవేత్తలు ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందం వల్ల పర్యావరణానికి ఏమవుతుందో అంచనా వేయడానికి వివిధ దేశాల నగరాల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్, పొగ వంటి వాటి కొలతలను తలసరి ఆదాయంతో పోల్చి చూశారు. బోర్లించిన గిన్నె ఆకారం అక్కడ కనిపించింది. అయితే ఆ మెరుగుదల దానంతట అదే జరుగుతుందని అనుకోవడానికి కారణం లేదని 1995లో రాసిన మరో వ్యాసంలో వారే స్పష్టం చేశారు. పాఠ్యపుస్తకాల్లోకి వచ్చేసరికి బొమ్మ మిగిలింది, షరతు పోయింది. అదే సంవత్సరం కెన్నెత్ ఆరో, పార్థ దాస్‌గుప్తా సహా పదకొండుమంది ఆర్థికవేత్తలు, జీవావరణ శాస్త్రవేత్తలు కలిసి, ఈ ఆకారం స్వల్పకాలంలో స్థానికంగా నష్టం కలిగించే కొన్ని కాలుష్యాలకే కనబడుతుంది గాని, ఏళ్ల తరబడి పేరుకునే వ్యర్థాలకూ నేల, అడవి వంటి వనరులకూ వర్తించదని హెచ్చరించారు.

పొగ గొట్టం ఆపితే నగరపు గాలి తొందరగానే తేటపడుతుంది. ఉప్పు అలాంటిది కాదు. మన బంకమట్టిలో సోడియం ఎక్కువైతే మట్టి రేణువులు విడిపోయి నేల గట్టిపడుతుంది, నీరు ఇంకదు. దానిని తిరిగి బాగుచేయాలంటే జిప్సం వేసి, మంచినీరు నిలగట్టి, ఉప్పును కడిగి, ఆ కడిగిన నీటిని పొలం నుంచి బయటికి పంపాలి. బయటికి పంపే దారి రైతు గారు చెప్పిన ఆ పూడిపోయిన డ్రెయినే. జేబులో డబ్బు ఎంత ఉన్నా, ఒక రైతు తన నాలుగు ఎకరాల వరకు మాత్రమే ఈ పని చేసుకోలేడు.

మరొక విషయం ఆ విద్యార్థిని మాటల్లోనే ఉంది, బహుశా ఆమె దానిని గమనించి ఉండదు. ఊరి చెరువులో నీళ్లు కావిడితో తెచ్చుకుని తాగిన రోజుల్లో ఆ నీరు ఏ ఆదాయ లెక్కలోకీ రాలేదు. ఇప్పుడు కొంటున్న ప్రతి టిన్నూ ఎవరో ఒకరి అమ్మకం, కాబట్టి అది స్థూల ఉత్పత్తిలో కలుస్తుంది. చెరువు పాడైనందువల్ల పెట్టవలసి వచ్చిన ఖర్చు ఎదుగుదలగా కనిపిస్తుంది, పాడైన చెరువు మాత్రం ఎక్కడా నష్టంగా రాయబడదు. నేల, నీరు, అడవి వంటి సహజ సంపదను కూడా లెక్కలో చూపకపోతే ఒక సమాజం నిజంగా ధనవంతమవుతోందో, ఉన్నది అమ్ముకు తింటోందో తెలియదని దాస్‌గుప్తా ఎంతో కాలంగా వాదిస్తున్నారు. అందువల్ల ఆ పటంలో నిలువుగీతనే కాక, ఆదాయాన్ని చూపే అడ్డగీతను కూడా అనుమానించాలని పిల్లలకు చెప్పండి.

రోస్టో మెట్ల వరసకు ఎదురు నిలిచిన ఆలోచనగా పేద దేశాల వెనుకబాటుకు ధనిక దేశాల దోపిడే కారణమనే ఆంద్రే గుండర్ ఫ్రాంక్ వంటివారి పరాధీనతా సిద్ధాంతాన్ని కూడా మీరు చెప్పే ఉంటారు. రొయ్య గడ్డకట్టించిన పెట్టెల్లో అమెరికాకు వెళ్తుంది, దానితో పాటు వెళ్లని ఉప్పూ మురుగూ ఇక్కడే ఉంటాయి. ఆ చూపు కొంతవరకు నిజాన్నే పట్టుకుంటుంది. కాని దేశాల మధ్య ఉన్న ఎక్కువ తక్కువలను మాత్రమే చూసేవారికి ఒకే మండలంలో ఎగువ ఊరికీ దిగువ ఊరికీ మధ్య ఉన్నది కనబడకుండా పోయే ప్రమాదం ఉంది.

జవాబు: చెరువు రైతు, భీమవరం పక్కన

మీరందరూ చెబుతున్న ఆ చెరువు రైతును నేనేనండి. కోపంతో రాయడం లేదు, నా వైపు నుంచి కూడా ఆ పిల్లకు తెలియాలని రాస్తున్నాను.

నాకు నాలుగు ఎకరాల స్వంత పొలం ఉండేది, స్వర్ణ రకం వేసేవాళ్లం. దాళ్వా (రెండో పంట) కొన్నేళ్లు నీరు చాలక, సార్వా కొన్నేళ్లు ముంపుకు పోయేది. మా దక్షిణం వైపు గట్టు ఆనుకుని ఉన్న పొలాన్ని పక్క రైతు పెద్ద కౌలుకు ఇచ్చేస్తే, తీసుకున్నవాళ్లు చెరువు తవ్వారు. రెండో ఏటికల్లా ఆ గట్టు పక్కనున్న నా మడుల్లో ఊటనీరు దిగి వరి దుబ్బు ఎర్రబడిపోయింది. మూడో ఏడు నాలుగు బస్తాలు కూడా రాలేదు. అప్పుడు నా ముందు ఉన్నవి రెండే దారులు, నేనూ చెరువు తవ్వడమో, చౌడు పొలం చూస్తూ కూర్చోవడమో. తవ్వాను. నా గట్టుకు ఉత్తరాన ఉన్న రైతు తరువాతి ఏడు తవ్వాడు. రైతులు డబ్బు ఆశతో మారారని అంటారు గాని, మా వరసలో సగంమంది పక్కవాడి ఊటకు మారినవాళ్లే.

డబ్బు వచ్చిన మాట నిజం. పిల్లలిద్దరినీ ఇంజనీరింగ్ చదివించాను, వరి మీద అది నా వల్ల అయ్యేది కాదు. పోయిన మాటా నిజమే. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు మా మేనమామ కుటుంబం పడిన అప్పు తీరడానికి పదేళ్లు పట్టింది. 2009లో వనామి రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ అందరం దిగాం. వైరస్‌కు గట్టు అడ్డం కాదండి. ఎగువ చెరువులో తెగులు వస్తే, వాళ్లు వదిలిన నీటిని నేను తోడుకున్న రోజు నా చెరువుకూ వస్తుంది. శివారు రైతు గారికి ఉప్పు ఎలాగో మాకు తెగులు అలాగ, ఇద్దరికీ ఆ డ్రెయినే కారణం.

చట్టాలు లేక కాదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల సాగు మీద తీర్పు ఇస్తూ, వ్యవసాయ భూములను, మడ అడవులను చెరువులుగా మార్చవద్దని చెప్పింది. ఈ సాగు వల్ల వచ్చే ఆదాయం కంటే జరిగే నష్టమే ఎక్కువన్న నివేదిక అప్పుడు కోర్టు ముందుకు వచ్చింది. 2005లో కోస్తా ఆక్వా సాగుకు ప్రత్యేక చట్టం చేశారు. కాగితం మీద నీటిని శుద్ధి చేశాకే వదలాలి. నాలుగు ఎకరాలవాడు అందులో ఎకరం శుద్ధి చెరువుకు వదిలిపెట్టి బతకలేడు. ఒక డ్రెయిన్ మీదున్న చిన్న రైతులందరికీ కలిపి ఒక తేరుకునే చెరువు ఉంటే, దాని ఖర్చులో నా వాటా నేను పెట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఇన్నేళ్లలో అలా అడగడానికి మా గట్టు మీదికి ఎవరూ రాలేదు.

జవాబు: ఊడ్పుల ఇంటి ఆడపడుచు

రైతులిద్దరి మాటలూ చదివాను. భూమి ఉన్నవారి మాట అయింది కాబట్టి, భూమి లేని ఇంటి మాట కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. మా అమ్మ ముప్పై ఏళ్లు ఊడ్పులకూ కలుపులకూ వెళ్లింది. నేను ఇప్పుడు ఉపాధ్యాయురాలిని.

వరి పొలం అంటే మా ఇంటికి కూలి ఒక్కటే కాదు. గట్ల మీద గడ్డి కోసుకొస్తే గేదె పాలిచ్చేది. కోతలయ్యాక పరిగె ఏరుకునేవాళ్లం. నీరు తగ్గిన బోదెల్లో (పిల్లకాలువల్లో) మట్టగిడసలు, కొరమీనులు దొరికేవి. వాటిలో ఏదీ మాది కాదు, అన్నిటి మీదా మాకు చనువు ఉండేది. పొలం చెరువయ్యాక చుట్టూ వల కట్టారు, కాపలా పెట్టారు, గట్టు మీదికి పోతే దొంగలన్నట్టు చూశారు. మేత లేక గేదెను అమ్మేశాం. ప్రకృతి మీద నేరుగా ఆధారపడి బతికేవారిని మాధవ్ గాడ్గిల్, రామచంద్ర గుహ 1990లలో జీవావరణ వ్యవస్థా ప్రజలుగా వేరు చేసి చెప్పారు. దూరప్రాంతాల వనరులను కూడా తమవైపు తెచ్చుకోగలిగిన సర్వభక్షకులు ఒకవైపు, బతుకుతెరువు చెడి వలసపోయిన జీవావరణ శరణార్థులు మరొకవైపు ఉంటారన్నారు. ఆ వర్గీకరణ చదివినప్పుడు మా వీధి మొత్తం కళ్ల ముందు కదిలింది. మా పక్కింటి పిన్ని కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, అమ్మ రొయ్యల తలలు వలిచే షెడ్డుకు వెళ్లింది. షెడ్డులో కూలి ఊడ్పుల కంటే ఎక్కువ రోజులు దొరికింది, అది కూడా చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది. చల్లని నీళ్లలో చేతులు పాసిపోయేవి.

అభివృద్ధిని ఆదాయంతో కాక, మనిషి తాను విలువైనదిగా భావించే బతుకును బతకగల సామర్థ్యంతో కొలవాలని అమర్త్యసేన్ అన్నారు. 1990 నుంచి వస్తున్న మానవాభివృద్ధి నివేదికల వెనుక ఉన్న ఆలోచన కూడా అదే. ఆ కొలతతో చూస్తే టిన్ను కొనగలిగిన ఇంటికీ కొనలేని ఇంటికీ ఆ చెరువు ఒకే రకంగా పాడవలేదు. కొనగలిగినవారు చెరువు గురించి అడగడం మానేశారు. ఆదాయం పెరిగితే మంచి నీటి కోసం ఒత్తిడి పెరుగుతుందని సిద్ధాంతం అంటుంది, మా ఊళ్లో మాత్రం గట్టిగా మాట్లాడగలిగిన ఇళ్లే మొదట టిన్నులకు మారి మౌనం వహించాయి.

ఉమ్మడి వనరు ఎవరికీ పట్టక నాశనమై తీరుతుందని 1968లో గారెట్ హార్డిన్ రాశాడు. ఊళ్లు తమ నియమాలతో చెరువులనూ చేపలనూ కాలువలనూ తరతరాలుగా కాపాడుకున్న ఉదాహరణలు చూపి ఎలినార్ ఆస్ట్రోమ్ దానిని తిరగగొట్టింది, 2009లో నోబెల్ పొందింది. ఆమె చెప్పిన షరతుల్లో ఒకటి, నియమం ఎవరి మీద పడుతుందో దానిని చేయడంలో వారికి మాట ఉండాలన్నది. మా చెరువుకు కూడా ఒకప్పుడు నియమాలుండేవి, అందులో గేదెలను దించనిచ్చేవారు కాదు, బట్టలు ఉతకనిచ్చేవారు కాదు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి, వాటిలో ఓటు భూమి ఉన్నవారికే. తాగేనీరు అందరిదీ అయినప్పుడు, కాలువను చూసుకునే సంఘంలో మా అమ్మకు ఓటు ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

జవాబు: పరిశోధక మిత్రుడు, రాజమహేంద్రవరం

పైనుంచి వచ్చిన నియమం ఒక్కటే చాలదనడానికి కొల్లేరు మన పక్కనే ఉంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లను ప్రభుత్వమే పగలగొట్టించింది. తరువాత చెరువులు మళ్లీ లేచాయి. లోపల బతికేవారికి వేరే బతుకు చూపకుండా, చెరువు తవ్వించిన పెట్టుబడిదారునూ కూలికి గట్టు వేసినవాడినీ ఒకే గాట కట్టినందువల్లనే అలా జరిగిందని నా అభిప్రాయం. ఈ చర్చలో చెరువు రైతు గారు తన వాటా పెడతానన్నది నాకు ఆ చట్టాల కంటే ఎక్కువ ఆశ కలిగించింది.

ప్రశ్న అడిగినవారి స్పందన: డెల్టా అధ్యాపకుడు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న తరగతిలో మీ జవాబులను పేర్లు లేకుండా చదివి వినిపించాను. ఆ అమ్మాయితో, "నీ ఊరికి ఆ వక్రరేఖ మీద చోటు లేదమ్మా, ఎందుకంటే నీ ఊరి నీళ్లు నీ ఊళ్లోనే మొదలై అక్కడే ముగియవు. పోయిన వారం నేను చెప్పిన జవాబు తప్పు" అని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, తమ మంచినీళ్ల చెరువుకు నీరు వచ్చే బోదె ఏ చెరువుల పక్కనుంచి వస్తుందో తాను ఎప్పుడూ నడిచి చూడలేదని అంది.

కాలువలు కట్టేయడానికి ఇంకా మూడు వారాల గడువు ఉంది. వేసవికని చెరువు నింపేది ఈ రోజుల్లోనే కాబట్టి, వచ్చే శనివారం తరగతి మొత్తాన్ని తీసుకుని లాకుల దగ్గర నుంచి ఆ బోదె వెంట చెరువు దాకా, అక్కడి నుంచి డ్రెయిన్ వెంట వీలైనంత దూరం నడవాలని నిశ్చయించుకున్నాం. ఎక్కడ ఎవరు తోడుతున్నారో, ఎక్కడ ఎవరు వదులుతున్నారో పిల్లలు పటం గీస్తారు. భూమి ఉన్న ఇళ్లకూ లేని ఇళ్లకూ వెళ్లి, టిన్ను ఎప్పటినుంచి కొంటున్నారో, చెరువు గురించి చివరిసారి ఎవరిని అడిగారో రాసుకుంటారు. శివారు రైతు గారూ, డ్రెయిన్ నీటిలో ఉప్పు ఎంత ఉందో చూడడానికి మీ వైపు రైతులు ఏ సమయంలో నీరు పడతారో, పోటు మీద ఉన్నప్పుడా, పాటు మీదా, దయచేసి శుక్రవారంలోగా ఇక్కడ రాయగలరా? చెరువు రైతు గారూ, మీ గట్టు మీదికి మేము రావచ్చా?